ఎండిన బిళ్ళలు

పగటి షిఫ్టు దిగే వేళకు కర్మాగారం వెనక గేటు దగ్గర రోజూ చిన్న సందడి ఉండేది. ఒకరు సైకిలు వెనక గోనెసంచి కట్టుకుని వచ్చేవారు. ఒకరు అంచు చిట్లిన బేసిను తెచ్చేవారు. ఇద్దరు ఆడవాళ్ళు పాత తలుపుచెక్కను చెరో పక్కా పట్టుకుని వచ్చి, దాని మీద పేర్చుకుని మోసుకుపోయేవారు. "నిన్న నువ్వు పట్టుకెళ్ళావుగా, ఇవాళ నా వంతు" అని ఒకరంటే, "నీ వంతు నీ దగ్గరే ఉంచుకో, నా గుమ్మం ముందు మోకాల్లోతు బురద" అని ఇంకొకరు. నవ్వులు, తోపులాటలు. దారిన పోయేవారికి అది ముచ్చటగానే కనిపించేది. అక్కడ ఊరికే పంచిపెడుతున్నది ఏమిటో తెలియనంతవరకు మనకు కూడా అలాగే కనిపించి ఉండేది.

పంచిపెట్టేది బిళ్ళలు. బడిపిల్లల పలకల కన్నా పెద్దవి, బొటనవేలంత మందం ఉన్నవి, నల్లటి చదరపు బిళ్ళలు.

అది పాత ఇంజన్లు విప్పి, కడిగి, బాగుచేసే కర్మాగారం. కడిగిన నీళ్ళు గ్రీజును, కాలిన నూనెను, ఇనుప రజనును, కడగడానికి వాడిన ఘాటు మందును కలుపుకుని వెనక షెడ్డులోని తొట్లలోకి వస్తాయి. ముందు, పైకి తేలిన నూనెను తీసేస్తారు. తర్వాత సున్నం, పటిక కలుపుతారు. పాలు విరిగినట్టు ఆ నీళ్ళు విరిగి, అంతవరకు కంటికి ఆనని మురికంతా ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. పైనున్న తేట నీరు కాలవలోకి పోతుంది. అడుగున మిగిలిన చిక్కటి బురదను పంపుతో ప్రెస్సులోకి తోస్తారు. ప్రెస్సంటే వరసగా నిలబెట్టిన ఇనుప పలకలు, వాటి మధ్య దళసరి గుడ్డలు. బిగించేకొద్దీ నీరు గుడ్డలోంచి కారిపోతుంది, గట్టిదంతా లోపల ఉండిపోతుంది. కారడం ఆగాక పలకలు విడదీస్తే బిళ్ళలు దబ్బు దబ్బుమని కింద పడతాయి.

ఆ ప్రెస్సు నడిపేవాడి అసలు పేరు హాజరు పిలిచే గుమాస్తాకు తప్ప మరెవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ అతను బిళ్ళల మామయ్య. పని మీద అతనికి పిచ్చి ప్రేమ. ప్రెస్సు గుడ్డలను తోమడంలో అతను చూపే శ్రద్ధ ఒంటి మీది చొక్కా మీద చూపడని అతని భార్య వేళాకోళం చేసేది. గుడ్డ నేత సందులు మూసుకుపోతే నీరు దిగదు, నీరు దిగకపోతే బిళ్ళ జారుతుంది, జారే బిళ్ళను చూస్తే అతనికి అన్నం సయించదు. బిళ్ళను విరిస్తే టక్కుమనాలి. బొటనవేలితో నొక్కితే వేలికి నలుపు అంటకూడదు. అంటని వేలిని అందరికీ చూపించడం అతనికి సరదా.

"నీళ్ళు అటు పోయాయి, మట్టి ఇటు వచ్చింది. రెండూ శుభ్రం!" అనేవాడు. అది అతని నోట ఊతపదమైపోయింది.

ఒకప్పుడు ఈ బిళ్ళల కోసం లారీ వచ్చేది. ఊరికి దూరంగా, అడుగున నీరు దిగకుండా మందపాటి షీటు పరిచి కట్టిన గొయ్యి ఒకటి ఉంది. ఇలాంటి వ్యర్థాలను అక్కడే పూడ్చాలి. ఒక వానాకాలం లారీ చెడిపోయి కొన్నాళ్ళు రాలేదు. షెడ్డు పక్కన కుప్ప పెరిగింది. పనివాళ్ళ ఇళ్ళన్నీ పల్లంలో ఉన్నాయి. ఎవరో రెండు బిళ్ళలు పట్టుకుపోయి గుమ్మం ముందు గుంటలో వేసుకున్నారు. పక్కింటివాళ్ళు చూశారు. నెల తిరిగేసరికి కుప్ప కరిగిపోయింది. దాంతో కర్మాగారం ఇన్‌ఛార్జి లారీ మాట మరిచిపోయాడు. ఇలా చేద్దామని ఎవరూ కూర్చుని అనుకోలేదు. అందరికీ వీలుగా ఉంది, సాగిపోయింది. మన చుట్టూ జరిగే తప్పుల్లో చాలా వాటికి పుట్టుక ఇలాంటిదే.

బిళ్ళల మామయ్యకు ఒక అక్క ఉంది. భర్త పోయాక ఆమె తన ఇంట్లో పసిపిల్లలను చూసుకునే పని పెట్టుకుంది. కర్మాగారంలో పనిచేసే తల్లులు పొద్దున పిల్లలను ఆమె చేతిలో పెట్టి వెళ్ళి, షిఫ్టు దిగాక తీసుకుపోతారు. వరండాలో దూలానికి వేలాడే గుడ్డ ఉయ్యాలలను బట్టి ఆమెకు ఉయ్యాలక్క అని పేరు వచ్చింది. ఏడుపు వినగానే అది ఆకలో నిద్రో కడుపునొప్పో చెప్పేస్తుందని తల్లులు అనేవారు. ఆమె బతుకుతెరువు ఆ పేరు మీదే నడుస్తోంది.

ఉయ్యాలక్క వాకిలి మరీ పల్లం. వాన పడితే చెరువే. పాకే పిల్లలను దింపడానికి చోటు ఉండేది కాదు. వానలకు ముందు తమ్ముడు తన సెలవు రోజులు రెండు పెట్టి, ఏరి ఏరి మంచి బిళ్ళలు తెచ్చి, రాయి పరిచినట్టు వాకిలంతా పరిచాడు. సందుల్లో బిళ్ళల పొడి కూరాడు.

"ఒరేయ్, పిల్లలు పాకుతారురా. అంటదు కదా?" అంది అక్క.

"ఏదీ, నీ వేలు పెట్టి నొక్కు. అంటిందా?"

"లేదు."

"మరి! నీ వంటింటి గచ్చు కన్నా నయం అక్కా ఇది."

"నా గచ్చును అన్నావంటే నీకు కాఫీ లేదు," అని నవ్వి ఆమె లోపలికి వెళ్ళింది. ఆ వారమంతా చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అలాంటి తమ్ముడు ఉండాలి అన్నారు.

వానలు మొదలయ్యాయి. వాకిట్లో నీరు నిలవలేదు, బురద లేదు. పాకే పిల్లలు తెరిపి ఇచ్చినప్పుడల్లా వాకిట్లో హాయిగా పాకారు. కొన్నాళ్ళకు కర్మాగారం స్టోర్సులో పనిచేసే అమ్మాయి తన కూతురి మోకాళ్ళ మీద ఎర్రటి మచ్చలు చూసింది. దోమలు అనుకుంది. మచ్చలు పొక్కులయ్యాయి. అరచేతులకు పాకాయి. ఇంకో ఇద్దరు పిల్లలకు వచ్చాయి, ఆ తర్వాత మరి కొందరికి. పొక్కులు చితికి పిల్లలు రాత్రంతా ఏడుస్తుంటే తల్లులు నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో పనికి వస్తున్నారు.

వేళ్ళన్నీ ఉయ్యాలక్క వైపు తిరిగాయి.

"అక్కా, ఒకటే తువ్వాలుతో అందరినీ తుడుస్తున్నావా ఏంటి?" అని స్టోర్సు అమ్మాయి అడిగేసింది.

"ఎవరి తువ్వాలు వాళ్ళదేనమ్మా. గుర్తు కోసం రంగుదారం కూడా కుట్టాను, చూడు."

"దారాలు చూపిస్తే పొక్కులు తగ్గుతాయా? నా పిల్ల చేతులు చూడు. ముద్ద పట్టుకోలేకపోతోంది."

ఉయ్యాలక్క ఆ రోజు నుంచి గుడ్డలు రెండుసార్లు ఉడికించింది, గిలక్కాయలు మరిగే నీళ్ళలో వేసింది, వాకిలి రోజూ కడిగింది. పొక్కులు తగ్గకపోగా ఎక్కువయ్యాయి. వాకిలి కడిగినకొద్దీ ఎందుకు ఎక్కువవుతున్నాయో ఆమెకు తోచలేదు.

తమ్ముడు కూడా తన వంతు వెతికాడు. సబ్బు మార్పించాడు. బావిలో మందు చల్లాడు. పాలు తెచ్చేవాణ్ణి గదమాయించాడు. వరండా పైకప్పులో బూజు దులిపాడు. వాకిలి వైపు మాత్రం అతని చూపు పోలేదు. తను చేసిన పనిలో లోపం ఉంటుందని మనిషికి ఆఖరున తోస్తుంది. అందులోనూ అది నలుగురు మెచ్చుకున్న పనైతే మరీను.

"మీ అక్కగారిని ఊరంతా తిడుతుంటే మీరు పాలవాడి మీద పడ్డారేంటండీ?" అంది భార్య.

"మరి ఎవరి మీద పడమంటావు?"

"నాకేం తెలుసు. వదిన చేతుల్లో మన పిల్లలిద్దరూ పెరిగారు, ఒక్క పొక్కు లేదు. ఆవిడ చేతులు అవే. మారిందేమిటో చూడండి."

వచ్చే ఆదివారం తల్లులందరూ ఉయ్యాలక్క వాకిట్లో కూర్చుని తేల్చుకోవాలని నిర్ణయమైంది. కారణం తెలిస్తే సరే, లేదంటే సోమవారం నుంచి పిల్లలను పంపరు. ఉయ్యాలలు ఖాళీ అయితే ఆమెకు ఇంకో దారి లేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు గాని, అందరికీ తెలుసు.

శనివారం పొద్దున షిఫ్టుకు వెళ్తూ తమ్ముడు అక్క ఇంటి దగ్గర ఆగాడు. ఆమె గడపలో కూర్చుని పిల్లలను చూస్తోంది. ఏడుపు మొహం కాదు. ఏదో లెక్క కుదరనివాళ్ళ మొహం.

"ఒరేయ్, నేనొకటి గమనించాను. ఉయ్యాలలో పడుకునే చంటివాళ్ళకు ఏమీ లేదు. చెప్పులేసుకుని నడిచే పెద్దపిల్లలకూ లేదు. పాకేవాళ్ళకే. అది కూడా మోకాళ్ళకు, అరచేతులకు. నేల తగిలే చోటే."

"అయితే?"

"నాకేం తెలుసురా, నువ్వే చెప్పు. నేల నీదేగా."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. అయినా అతనికి చెంప మీద కొట్టినట్టయింది. వంగి, వానకు నాని మెత్తబడిన ఒక బిళ్ళ మూలను విరిచాడు. అది టక్కుమనలేదు. వేళ్ళ మధ్య వెన్నలా జారింది. వేళ్ళు నల్లబడ్డాయి. ముక్కను కాగితంలో చుట్టుకుని పనికి వెళ్ళాడు.

షెడ్డులో అతను పొద్దున్నే చేసే పని ఒకటి ఉంది. లోపలికి వచ్చే మురికినీటిని గాజు జాడీలో పట్టి, కాసేపు కదపకుండా కిటికీ దగ్గర పెట్టి, పైన ఎంత నూనె తేలిందో, అడుగున ఎంత దిగిందో చూసి సున్నం, పటిక పాళ్ళు నిర్ణయిస్తాడు. ఆ రోజు రెండు జాడీలు పెట్టాడు. ఒకదానిలో కర్మాగారం నుంచి వచ్చిన నీళ్ళు. రెండోదానిలో మంచినీళ్ళు పోసి, అక్క వాకిలి ముక్కను వేసి గిలకొట్టాడు.

కాసేపటికి వచ్చి చూస్తే రెండింటి మీదా నూనె చాయ తేలింది. వెలుతురుకు అదే నీలం, అదే ఊదా. రెండింటి అడుగునా నల్లటి రజను మిలమిలలాడుతోంది. రెండో జాడీలో ముంచిన వేలికి కాసేపటికి మంట మొదలైంది. కడుగుడు మందు ఘాటు, సున్నం వేడి అందులోనే ఉన్నాయి. ఏ జాడీ ఏదో కొత్తవాడైతే పోల్చుకోలేడు.

ఇన్నేళ్ళుగా తాను నీళ్ళలోంచి తీసినదంతా ఎక్కడికి పోయిందని అనుకున్నాడో అతనికే తెలియలేదు. సున్నం దాన్ని ముద్ద చేసింది, గుడ్డ దాన్ని పట్టుకుంది, ప్రెస్సు దాన్ని పిండింది. నీళ్ళు ఎంత తేటగా పోతే బిళ్ళలో అంత ఎక్కువ మిగిలింది. నీరు తగిలితే మళ్ళీ కదిలింది. అక్క వాకిలి కడిగినకొద్దీ అది పైకి వచ్చింది. ఇంత చిన్న విషయం తట్టకుండా అడ్డుపడింది ఆ పొడిదనమే. ఎండిపోయిన దాన్ని అతను శుభ్రమనుకున్నాడు.

ఇన్‌ఛార్జి గదికి వెళ్ళాడు. ఇన్‌ఛార్జి చెడ్డమనిషేమీ కాదు. తల మీద పని ఎక్కువ పడ్డ మనిషి.

"సార్, లారీ పిలిపించాలి."

"ఎందుకయ్యా? కుప్పే లేదుగా."

"కుప్ప ఊళ్ళో ఉంది సార్. మా వాకిళ్ళలో. దాన్నే తీసుకెళ్ళాలి." జాడీలు రెండూ బల్ల మీద పెట్టాడు.

ఇన్‌ఛార్జి వాటిని చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు, మళ్ళీ వాటిని చూశాడు. "మట్టే కదయ్యా. మా కారు షెడ్డులో కూడా అదే పరిపించాను. మాకేం కాలేదే."

"మీ కారు పాకదు కదా సార్."

ఇన్‌ఛార్జికి నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాడు. "చూడు, నువ్వు ఈ మాట బయటపెడితే ముందు తిట్లు తినేది నువ్వే. నీ చేత్తోనే పంచావు. ఎందుకొచ్చిన గొడవ? వానలు పోయాక చూద్దాం. అన్నీ ఎండిపోతాయి."

అతనికి ఊరుకుంటే జరిగేది స్పష్టంగా కనిపిస్తోంది. అక్క ఒక్కతే మాట పడుతుంది. పొక్కుల తప్పు సబ్బుల మీదికి, తువ్వాళ్ళ మీదికి పోతుంది. అతను మాత్రం ఎప్పటిలా మంచి మామయ్యే.

"వానలు పోయేదాకా పిల్లలు పాకకుండా ఆగరు సార్," అని జాడీలు తీసుకుని వచ్చేశాడు.

ఆదివారం తల్లులు వచ్చారు, కొందరి భర్తలు వచ్చారు. స్టోర్సు అమ్మాయి గొంతు సవరించుకునేలోపే బిళ్ళల మామయ్య గునపం భుజాన పెట్టుకుని వాకిట్లోకి వచ్చి మొదటి బిళ్ళను పెకలించాడు.

"ఏంటి మామయ్యా, ఇప్పుడు మరమ్మతులా?" అన్నారెవరో.

"మరమ్మతే. ముందు పిల్లలను ఎత్తుకోండి." గునపం ఆపకుండానే చెప్పాడు. జాడీలు గడప మీద ఉన్నాయి. ఏ జాడీలో ఏముందో చెప్పాడు. తప్పు సబ్బుది కాదు, అక్కది కాదు, తను పరిచిన బిళ్ళలది అన్నాడు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"మా పెరట్లో నీళ్ళ తొట్టి చుట్టూ నువ్వే కదా పరిచావు!"

"ఊరికే ఇస్తున్నాడంటే నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

"అనుమానం వచ్చిందా? చెక్క నిండా మోసుకుపోయింది ఎవరమ్మా?"

"నువ్వు శుభ్రం అన్నావు మామయ్యా. వేలు చూపించి మరీ చెప్పావు," అంది స్టోర్సు అమ్మాయి. ఆమె గొంతులో కోపం కన్నా ఏదో తెగిపోయిన ధ్వని ఉంది.

"అన్నాను. నీళ్ళు తేటగా పోవడం చూసి, ఇది కూడా మంచిదే అనుకున్నాను," అన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

అప్పుడు ఉయ్యాలక్క వరండా మెట్టు మీదికి వచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు గనుక అందరూ ఊరుకోవలసి వచ్చింది.

"మావాణ్ణి నేను వెనకేసుకు రాను. తిట్టండి. కానీ ఒక్కటి అడుగుతాను, చెప్పండి. మీరు ఇంట్లో నేల తుడుస్తారు. నేల అద్దంలా అవుతుంది. ఆ గుడ్డను పిండి ఆరేస్తారు. ఎండుతుంది. ఎండింది కదా అని దాంతో పిల్ల మూతి తుడుస్తారా?"

ఆమే జవాబు చెప్పింది.

"తుడవం. నేల మీది మురికి దాంట్లోకే వచ్చిందని మనకు తెలుసు. మరి ఆ కర్మాగారం నీళ్ళు తేటగా పోతున్నాయంటే, ఆ మురికి ఎందులోకి వచ్చిందని ఒక్కరమైనా అడిగామా? వాడు అడగలేదు, నేను అడగలేదు, మోసుకెళ్ళిన మీరు అడగలేదు. ఊరికే వచ్చింది, బురద పోయింది, సంతోషించాం. లారీ రావడం మానేసిన రోజే ఎందుకు మానేసిందని అడగవలసింది. ఇప్పుడైనా అడుగుదాం. రండి, ముందు ఈ వాకిలి తవ్వండి."

స్టోర్సు అమ్మాయి పిల్లను ఉయ్యాలక్క చేతికిచ్చి చీర కొంగు దోపుకుంది. క్షమించమని అనలేదు. తట్ట అందుకుంది.

తవ్విందంతా గోడవతల పారబోద్దామని ఒకతను అన్నాడు. అటు ఎవరూ లేరుగా అన్నాడు. గోడవతల కాలవ, కాలవ కింద ఇంకో పేట. అక్కడ కూడా పాకే పిల్లలు ఉంటారని ఉయ్యాలక్క అన్నాక అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బిళ్ళలను గోనెల్లో నింపి మూతి కట్టి వరండాలో చూరు కింద పేర్చారు. మర్నాడు పేటలోని మిగతా వాకిళ్ళు, పెరళ్ళు తవ్వారు. ఆ గోనెలన్నీ కర్మాగారం ఆఫీసు మెట్ల మీద వరసగా నిలబడ్డాయి. లోపలికి వెళ్ళడానికి ఇన్‌ఛార్జి పక్కకు తిరిగి నడవవలసి వచ్చింది. ఎవరూ కేకలు వేయలేదు. లారీ వచ్చేదాకా గోనెలు అక్కడే ఉంటాయని మాత్రం చెప్పారు. వాటిలో అతని కారు షెడ్డు బిళ్ళలు కూడా ఉన్నాయి. అతని భార్యే పంపింది.

లారీ వచ్చింది.

పిల్లల పొక్కులు నెమ్మదిగా మానాయి. స్టోర్సు అమ్మాయి కూతురి అరచేతిలో ఒక మచ్చ మిగిలింది. తల్లుల్లో చాలామంది తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. రెండు ఉయ్యాలలు ఇప్పటికీ ఖాళీగానే ఊగుతున్నాయి. ఒకసారి పోయిన నమ్మకం ప్రెస్సులో పెట్టి పిండితే వచ్చేది కాదు. బిళ్ళల మామయ్యతో కొందరు మాట్లాడటం మానేశారు. అతను అది న్యాయమే అనుకున్నాడు. ప్రెస్సు గుడ్డలను మాత్రం మునుపటిలాగే తోముతున్నాడు. బిళ్ళ బాగా ఎండాలి, దారిలో కారకూడదు గనుక.

మొదటి లారీతో పాటు అతను ఆ గొయ్యి దాకా వెళ్ళాడు. ఇన్నేళ్ళ పనిలో దాన్ని చూడటం అదే మొదలు. పెద్ద గొయ్యి, అడుగునా అంచులకూ నల్లటి షీటు, చుట్టూ కంచె. దింపిన బిళ్ళలను సర్దడానికి ఆ వారమే పనిలో చేరిన కూలీ ఒకడు ఉన్నాడు. వాడు ఒక బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకున్నాడు.

"అబ్బ, రాయిలా ఉంది అన్నా! ఇంత చక్కటి సరుకు పూడ్చేస్తారా? మా గుడిసె ముందంతా చిత్తడి. ఓ నాలుగు పట్టుకెళ్తాను, ఎవరికీ చెప్పకులే."

అలాంటి మెప్పు విని అతనికి చాలా రోజులైంది. వాడి చేతిలోంచి బిళ్ళను మెల్లగా తీసుకుని గోతిలో వేశాడు.

"వద్దు తమ్ముడూ. నీళ్ళలోంచి తీసిన మురికంతా ఇదే. ఎండింది, అంతే. పోలేదు."